వయసు మెట్లు – యంత్రవిద్య: పిల్లల కోడింగ్, రోబోటిక్స్ తరగతులపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

పిల్లలకు ఇంజనీరింగ్, కోడింగ్, రోబోటిక్స్ నేర్పే తరగతులు దాదాపు అన్నిచోట్లా వయసును బట్టి విభజింపబడుతున్నాయి. ఈ విభజనకు జీన్ పియాజే వికాస దశల సిద్ధాంతం శాస్త్రీయ ఆధారమనీ, సీమోర్ పేపర్ట్ ఆలోచనలు ప్రేరణ అనీ చెప్పడం పరిపాటి. ఆ ఇద్దరి భావనలు వయోవిభజనను ఎంతవరకు సమర్థిస్తాయో, ఎక్కడ ఖండిస్తాయో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. వయసు ఏయే విషయాలలో సరైన కొలమానమో, ఏయే విషయాలలో కాదో వేరుచేసి, తెలుగు నేలపై బహుళ స్థాయి బోధనకు ఉన్న అనుభవాన్ని ఈ చర్చలోకి తీసుకురావడం జరిగింది.

కీలక పదాలు: వయోవర్గం, వికాస దశలు, లోగో, సాంబా బడి, స్క్రాచ్, అటల్ టింకరింగ్ ల్యాబ్, బహుళ స్థాయి బోధన.

1. ఉపోద్ఘాతం:

నాలుగు నుంచి ఆరేళ్ల వారికి బొమ్మల ఆదేశాలు, ఏడు నుంచి తొమ్మిదేళ్ల వారికి స్క్రాచ్, పది దాటిన వారికి సెన్సర్లు, మోటార్లు, పద్నాలుగు దాటిన వారికి పైథాన్. పిల్లల కోడింగ్, రోబోటిక్స్ తరగతుల పట్టికలు ఎక్కడ చూసినా ఇంచుమించు ఈ తీరులోనే ఉంటాయి. విషయం మారుతుంది, పనిముట్టు మారుతుంది, రుసుము మారుతుంది. వయసు గీత మాత్రం మారదు. తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న కూడా “మా పిల్ల ఏ గ్రూపులోకి వస్తుంది?” అన్నదే.

ఈ తరగతుల ప్రచారంలో “మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెతలోని భావమే వేర్వేరు మాటలలో వినిపిస్తుంది. కానీ ఆ సామెత వంచడాన్ని గురించినది. ఒక వస్తువును కట్టడం, విప్పడం, చెడితే ఎందుకు చెడిందో వెతకడం, మళ్లీ కట్టడం వంచడం కిందికి రావు. ఇంజనీరింగ్ విద్యకు ప్రాణం ఈ రెండో రకం పనులలో ఉంది. అందువల్ల ‘ఏ వయసుకు ఏది’ అన్న ప్రశ్నకు ముందు, ‘వయసు దేనిని కొలుస్తుంది’ అన్న ప్రశ్న వేసుకోవలసి ఉంది.

2. వయసు మెట్ల నేపథ్యం:

పిల్లలను వయసు ప్రకారం గదులలో కూర్చోబెట్టడం విద్య అంత పాత ఆచారం కాదు. 17వ శతాబ్దంలో కొమీనియస్ తన ‘డిడాక్టికా మాగ్నా’లో పుట్టుక నుంచి 24 ఏళ్ల దాకా గల జీవితాన్ని ఆరేళ్లకొక బడిగా నాలుగు భాగాలు చేశాడు. అమెరికాలో 1840ల చివర బోస్టన్‌లోని క్విన్సీ పాఠశాల ఒక్కో తరగతికి ఒక్కో గది, ఒక్కో ఉపాధ్యాయుడు అనే పద్ధతికి నమూనా అయింది. వేలాది పిల్లలకు తక్కువ ఖర్చుతో, ఒకే పుస్తకంతో, ఒకే పరీక్షతో చదువు చెప్పడానికి ఇది అనువైన ఏర్పాటు. దీని సౌకర్యం ప్రధానంగా పరిపాలనా సౌకర్యం.

దక్షిణ భారతంలో అంతకు ముందున్న వీధిబడి తీరు వేరు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యపై విచారణకు ఆదేశించాడు. బళ్లారి జిల్లా కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో సమర్పించిన నివేదికలో, తెలుగు, కన్నడ బడులున్న ఆ జిల్లాలో ముందు నేర్చిన పిల్లలు వెనుకవారికి నేర్పే పద్ధతిని ప్రశంసాపూర్వకంగా పేర్కొన్నాడు. అంతకు ముందే ఆండ్రూ బెల్ మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమంలో ఇటువంటి పద్ధతినే అమలుచేసి, 1797లో దానిపై పుస్తకం ప్రచురించాడు. ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో అది ఇంగ్లండు చేరింది.

అయితే వీధిబడిని ఆదర్శంగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. ఆ బడి గడప దాటలేని కులాలు ఉన్నాయి. బాలికలు అక్కడ అరుదు. వయసు తరగతి కనీసం సూత్రరీత్యా అందరికీ తెరిచిన తలుపు. ఈ మేలును గుర్తించిన తరువాతే దాని పరిమితులను చర్చించడం సబబు.

3. పియాజే చెప్పినది – చెప్పనిది:

వయోవర్గ తరగతులకు సిద్ధాంత బలం పియాజే నుంచి తీసుకుంటారు. ఇంద్రియ చాలక దశ రెండేళ్ల వరకు, పూర్వ ప్రచాలక దశ ఏడేళ్ల వరకు, మూర్త ప్రచాలక దశ పదకొండేళ్ల వరకు, ఆపైన అమూర్త ప్రచాలక దశ అన్న పట్టిక ఉపాధ్యాయ శిక్షణ పొందిన ప్రతివారికీ కంఠస్థమే. కోడింగ్ తరగతుల మెట్లను ఈ పట్టిక పక్కన పెడితే రెండూ దాదాపు అతికినట్టు కనిపిస్తాయి. ఆ పోలికే సమర్థనగా చెలామణి అవుతోంది.

పియాజే దృష్టిలో మారనిది దశల వరుస. వయసులు సుమారు అంచనాలు మాత్రమే. ఒకే పిల్లవాడు ఒక విషయంలో ముందు, మరొక విషయంలో వెనుక ఉంటాడని ఆయన పరిశీలనలే చూపాయి. పదార్థ రాశిని పదిలపరచుకొనే భావన ఏర్పడిన పిల్లలకు బరువు విషయంలో అదే భావన ఏర్పడడానికి మరికొంత కాలం పడుతుంది. 1972లో ప్రచురితమైన ఒక వ్యాసంలో ఆయన మరింత ముందుకు వెళ్లి, అమూర్త ఆలోచన అందరిలోనూ ఒకే రంగంలో వికసించదనీ, వారి అభిరుచిని, వృత్తిని బట్టి వేర్వేరు రంగాలలో 15–20 ఏళ్ల మధ్య స్థిరపడవచ్చనీ అంగీకరించాడు. అంటే వడ్రంగం నేర్చే యువకుడు చెక్క విషయంలో అమూర్తంగా ఆలోచించగలిగి, బీజగణితం ముందు తడబడవచ్చు.

దశలను త్వరపరచడం ఎలా అన్న ప్రశ్నను పియాజే ‘అమెరికన్ ప్రశ్న’ అని వ్యంగ్యంగా పిలిచేవాడు. నాలుగేళ్ల పిల్లలతో ప్రోగ్రాములు రాయిస్తామనే ప్రచారం ఆయన పట్టికనూ వాడుకుంటుంది, ఆయన పరిహసించిన ప్రశ్ననూ నెత్తిన పెట్టుకుంటుంది. ఈ వైరుధ్యం సాధారణంగా గుర్తింపునకు రాదు.

వైగోట్‌స్కీ లేవనెత్తిన అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. పదేళ్ల వయసున్న ఇద్దరు పిల్లలు పరీక్షలో ఎనిమిదేళ్ల స్థాయిని చూపారనుకుందాం. సహాయం అందించినప్పుడు ఒకరు పన్నెండేళ్ల వారి సమస్యలను, మరొకరు తొమ్మిదేళ్ల వారి సమస్యలను సాధిస్తే, ఆ ఇద్దరూ ఒకే స్థాయివారని చెప్పవచ్చునా అని ఆయన ప్రశ్నించాడు. సామీప్య వికాస మండలం అన్న భావన ఈ ఉదాహరణ మీదే నిలిచింది. ఆ సహాయం పెద్దల నుంచి గాని, తమకంటె సమర్థులైన తోటి పిల్లల నుంచి గాని రావచ్చు. వయసు గీతలతో వేరుచేసిన గదిలో ఈ రెండో సహాయానికి అవకాశం బాగా కుంచించుకుపోతుంది.

4. పేపర్ట్: తాబేలు, సాంబా బడి:

దక్షిణాఫ్రికాలో జన్మించిన గణితవేత్త సీమోర్ పేపర్ట్ (1928–2016) జెనీవాలో పియాజే వద్ద పనిచేసి, తరువాత అమెరికాలోని ఎంఐటిలో చేరాడు. 1967లో వాలీ ఫర్జీగ్, సింథియా సోలమన్ మొదలైనవారితో కలిసి పిల్లల కోసం ‘లోగో’ భాషను రూపొందించాడు. నేలమీద కదిలే తాబేలు యంత్రం, ఆ తరువాత తెరమీది తాబేలు ఆ భాష ఆదేశాలను పాటించేవి. 1980లో వెలువడిన ‘మైండ్‌స్టార్మ్స్’ గ్రంథం ఈ ప్రయోగాల సిద్ధాంత రూపం. నేటి కోడింగ్ తరగతుల వంశవృక్షం ఇక్కడికే చేరుతుంది.

ముక్కోణం గీయడానికి తాబేలుకు “ముందుకు నడువు, 60 డిగ్రీలు తిరుగు” అని చెప్పడం పిల్లలు తరచుగా చేసే పొరపాటు. సమబాహు త్రిభుజంలో లోపలి కోణం 60 అని పుస్తకం చెబుతుంది. కానీ తాబేలు తిరగవలసింది బయటి కోణం, అంటే 120 డిగ్రీలు. 60 చొప్పున తిరిగితే షడ్భుజి వస్తుంది. అప్పుడు పిల్లవాడు తానే తాబేలై నేలమీద నడిచి చూస్తాడు. బయలుదేరిన చోటికి, బయలుదేరిన దిక్కుకు చేరేసరికి మొత్తం 360 డిగ్రీలు తిరిగానని, మూడుసార్లు తిరగాలంటే ఒక్కోసారి 120 కావాలని గ్రహిస్తాడు. పాఠ్యక్రమం ‘పై తరగతి విషయం’గా పక్కనపెట్టిన కోణం ఎనిమిదేళ్ల పిల్లకు తన ఒంటి కదలిక ద్వారా అందుతుంది. మూర్తానికి, అమూర్తానికి నడుమ పియాజే గీసిన హద్దును కంప్యూటరు జరపగలదని పేపర్ట్ వాదించడంలోని ఆంతర్యం ఇదే. ఆ హద్దు జరుగుతుందని నమ్మిన వ్యక్తి పేరుతోనే, ఆ హద్దుల మీదనే తరగతులు కట్టడం విచిత్రం.

‘మైండ్‌స్టార్మ్స్’ చివరి భాగంలో పేపర్ట్ తన ఆదర్శ విద్యాస్థలాన్ని బ్రెజిల్‌లోని సాంబా నృత్య బృందాలతో పోల్చాడు. పసిపిల్లల నుంచి తాతల దాకా, కొత్తవారి నుంచి ఆరితేరినవారి దాకా ఒకేచోట నర్తించే ఆ బృందాలలో నేర్చుకోవడానికీ, చేయడానికీ మధ్య గోడ ఉండదని ఆయన గమనించాడు. తెలుగు పాఠకులకు కోలాటం బృందమో, చెక్కభజన మండలో ఈ పోలికను సులభంగా స్ఫురింపజేస్తుంది. అక్కడ వయసు తక్కువైన పిల్ల అడుగు తప్పితే పక్కనున్నవారు సర్దుతారు, బృందం ఆగదు. పేపర్ట్ గ్రంథం నుంచి తాబేలును తీసుకుని సాంబా బడిని వదిలివేయడం నేటి కోడింగ్ తరగతులలోని ప్రధాన లోపంగా భావించవలసి ఉంటుంది.

5. వయసు న్యాయమైన కొలమానం అయ్యే చోటు:

వయసు గీతలన్నీ నిరాధారమనడం తొందరపాటు. ఎంఐటి మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ ప్రధానంగా 8–16 ఏళ్ల వారి కోసం ఉద్దేశించబడింది. దాని కంటె చిన్నవారి కోసం 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్ 5–7 ఏళ్ల వారిది. రెండింటి మధ్య భేదానికి స్పష్టమైన కారణం ఉంది. స్క్రాచ్‌లోని ఆదేశాలు చదవగలగాలి; స్క్రాచ్ జూనియర్ ఆదేశాలు బొమ్మలు. మరీనా బెర్స్ పరిశోధనల నుంచి రూపుదిద్దుకున్న ‘కీబో’ రోబోకు తెరే ఉండదు. చెక్క దిమ్మెలను వరుసగా పేర్చడమే అక్కడ ప్రోగ్రాము.

ఈ ఉదాహరణలలో వయసు మూడు విషయాలకు గుర్తు. ఒకటి చేతివేళ్ల నేర్పు, రెండు భద్రత, మూడు చదవగలిగే శక్తి. ఆరేళ్ల పిల్ల చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇవ్వకపోవడం, మూడేళ్ల పిల్లవాడికి నోట పట్టే స్క్రూలు అందకుండా చూడడం నిస్సంశయంగా వయసుకు సంబంధించినవి. చదవగలిగే శక్తి విషయంలో మాత్రం వయసు ఊహగానే మిగులుతుంది. దాని వెనుక మాతృభాషలో చదివే పిల్లల అనుభవం ఉంది. ఆంగ్ల ఆదేశాలను చదవవలసి వచ్చిన తెలుగు మాధ్యమ బాలికకు పదకొండేళ్లు వచ్చినా, ఆ పట్టిక ఆమెను చిన్నపిల్లల గదికి పంపుతుంది. ఆమె లూప్ భావనను గ్రహించలేక వెనుకబడిందా, ‘రిపీట్’ అన్న మాట తెలియక ఆగిందా అని ఆ పట్టిక అడగదు. వయోవిభజనలోని అసలు అన్యాయం ఈ చోట బయటపడుతుంది.

6. ఒకే పని – మూడు లోతులు:

ఏ విషయాన్నయినా ఏ దశలోని పిల్లలకైనా నిజాయితీ చెడని రూపంలో బోధించవచ్చునని జెరోమ్ బ్రూనర్ 1960లో ప్రతిపాదించాడు. ఆయన సర్పిల పాఠ్యప్రణాళికకు రోబోటిక్స్ చక్కటి నిదర్శనం. నల్లగీతను అనుసరించే చిన్న బండినే తీసుకోవచ్చు. తెల్లకాగితం పరారుణ కాంతిని ఎక్కువగా, నల్లగీత తక్కువగా ప్రతిఫలింపజేస్తాయి. బండి అడుగునున్న సెన్సర్లు ఆ తేడాను పట్టుకుంటాయి.

మొదటి లోతులో పిల్ల చేయవలసింది గీతలు గీసి చూడడం. లావు గీత, సన్న గీత, మెత్తని మలుపు, పదునైన మలుపు గీసి, బండి ఎక్కడ తప్పుతుందో గుర్తించడం పరిశీలన. రెండో లోతులో నియమం వస్తుంది. ఎడమ సెన్సరుకు నలుపు తగిలితే ఎడమకు, కుడి సెన్సరుకు తగిలితే కుడికి తిరగాలి. ఈ నియమంతో బండి గీత వెంట వెళుతుంది గాని, తాగినవాడిలా అటూఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాట ఎందుకన్న ప్రశ్న మూడో లోతుకు దారి. గీత నుంచి ఎంత తప్పిందో అంతకు తగినట్లే మలుపు ఉండాలన్న అనుపాత నియంత్రణ అక్కడ అవసరమవుతుంది. దానికి నిష్పత్తి, ఋణసంఖ్యలు తెలియాలి.

ఈ మూడు లోతులకు మూడు గదులు అక్కరలేదు. గీతలు గీసే ఏడేళ్ల పిల్ల బండి తప్పే మలుపును కనుగొంటుంది. పదమూడేళ్ల బాలుడు దానికి జవాబు వెతకవలసి వస్తుంది. పరీక్షించేవారు, నిర్మించేవారు వేర్వేరుగా ఉండడం ఇంజనీరింగ్ వృత్తిలోనూ ఉన్నదే. చిన్నపిల్ల చేసినది పెద్దపనికి బొమ్మ అనుకరణ కాదు. ఆ పనిలో నిజమైన భాగం.

7. ఫలితాల పేరిట జరుగుతున్న వాదనలు:

కోడింగ్ నేర్చిన పిల్లలకు అన్ని విషయాలలో ఆలోచనాశక్తి పెరుగుతుందన్న మాట లోగో కాలం నుంచే ఉంది. బ్యాంక్ స్ట్రీట్ కళాశాలకు చెందిన రాయ్ పీ, కర్లాండ్ 1984లో ప్రచురించిన పరిశోధనలు ఈ నమ్మకాన్ని పరీక్షించాయి. లోగో నేర్చిన పిల్లలు ఇతర పనులలో ప్రణాళికా సామర్థ్యంలో నేర్వనివారికంటె మెరుగ్గా ఉన్నారని ఆ ఫలితాలు చూపలేదు. కంప్యూటరును ఒక మందుగా, పిల్లలను రోగులుగా చూసే పరీక్ష ఇదని పేపర్ట్ ఆక్షేపించాడు. మార్పు తెచ్చేది యంత్రం కాదనీ, దాని చుట్టూ ఏర్పడే సంస్కృతి అనీ ఆయన సమాధానం. ఈ సమాధానంలో బలం ఉంది. దాన్ని అంగీకరిస్తే, సంస్కృతిని వదిలి యంత్రాన్ని, వయసు పట్టికను మాత్రమే అందించే తరగతులకు గొప్ప ఫలితాలను ప్రకటించే అర్హత లేదని కూడా అంగీకరించవలసి వస్తుంది.

భారతదేశంలో 2020లో, చిన్నపిల్లల ఆన్‌లైన్ కోడింగ్ కోర్సుల ప్రకటనలు కొన్ని ప్రకటనల ప్రమాణాల మండలి అభ్యంతరంతో ఉపసంహరణకు గురయ్యాయి. ఆరేళ్లకే మొదలుపెట్టకపోతే ఆలస్యమైపోతుందన్న భయం విక్రయానికి పెట్టుబడి అయినప్పుడు, వయసు గీత బోధనా సాధనంగా ఉండడం మాని ఒత్తిడి సాధనంగా మారుతుంది.

8. తెలుగు నేలపై అన్వయం:

2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం 6 నుంచి 12 తరగతుల విద్యార్థులకు ఒకే ప్రయోగశాలను కల్పించింది. ఒక్కో పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం అందించే ఈ పథకం రూపకల్పనలోనే వయోమిశ్రమానికి చోటు ఉంది. 2020 జాతీయ విద్యావిధానం కోడింగ్ కృత్యాలను మధ్య దశలో, అంటే 6–8 తరగతులలో ప్రవేశపెట్టాలని సూచించింది. అదే దశలో వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు వంటి స్థానిక నిపుణుల వద్ద పదిరోజులు గడిపే అవకాశాన్నీ ప్రతిపాదించింది. అంకుడు కర్రను తరిణి మీద తిప్పే ఏటికొప్పాక కళాకారుని పని, తెల్ల పొణికి చెక్కను మలిచే కొండపల్లి కళాకారుని పని ఇంజనీరింగ్ పాఠాలే. ఈ రెండు సూచనలనూ కలిపి చదవకపోవడం వల్ల కోడింగ్ ఒక గదిలో, చేతిపని మరొక గదిలో మిగిలిపోయే ప్రమాదం ఉంది.

వేర్వేరు వయసుల పిల్లలను కలిపి బోధించడం ఆచరణసాధ్యం కాదన్న అభ్యంతరానికి మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం అనుభవమే సమాధానం. ఒకే ఉపాధ్యాయుడు, అనేక తరగతుల పిల్లలు ఉన్న పల్లె బడుల కోసం ఆ కేంద్రం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ‘అభ్యసన నిచ్చెన’గా అమర్చింది. పిల్ల తానున్న మెట్టు నుంచి ముందుకు సాగుతుంది. ఆ మెట్టు ఆమె వయసును బట్టి నిర్ణయం కాదు. బహుళ తరగతి, బహుళ స్థాయి బోధనగా పేరొందిన ఈ పద్ధతి తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల కృత్యాధార బోధనకు ప్రేరణ అయింది. తెలుగు భాషలో పుట్టిన ఈ నిచ్చెన అమరికను యంత్రవిద్యకు అన్వయించే ప్రయత్నం చేయదగినది.

మిశ్రమ తరగతికి దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి. ఒకే కిట్ ఉన్నచోట పెద్ద పిల్లలు, ముఖ్యంగా అబ్బాయిలు, దాన్ని ఆక్రమించి, అమ్మాయిలను రాతపనికి, అలంకరణకు పరిమితం చేయవచ్చు. చిన్నవారు ప్రేక్షకులుగా మిగలవచ్చు. ఉపాధ్యాయుడు వరుస మార్చి పనులను పంచకపోతే సాంబా బడి సందడిగా ముగుస్తుంది. వయసు గోడలు తీసివేసినంత మాత్రాన సమానత్వం దానంతట అది రాదు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. వయసు చేతి నేర్పుకు, భద్రతకు తగిన కొలమానం. భావనల గ్రహణశక్తికి నమ్మదగిన కొలమానం కాదు.

2. పియాజే దశలను వయసు పట్టికగా మార్చడం ఆయన సిద్ధాంతానికే విరుద్ధం. పేపర్ట్ ఆదర్శం వయోమిశ్రమ బృందం.

3. ఆంగ్ల పఠనశక్తిని ఆలోచనాశక్తిగా పొరబడే ప్రమాదం తెలుగు మాధ్యమ పిల్లల విషయంలో ఎక్కువ. ఆదేశాలు తెలుగులో ఉన్న పాఠ్యసామగ్రి లేకుండా చేసే స్థాయి నిర్ణయం చెల్లదు.

4. ప్రవేశానికి వయసుకు బదులు భావనల నిచ్చెనను, మూల్యాంకనానికి పరీక్షకు బదులు పిల్ల చేసిన వస్తువులను, వాటి చెడిపోయిన రూపాలను సైతం ఆధారం చేసుకోవడం మేలు.

ఈ చర్చ ఏ పిల్ల ఎంత త్వరగా పైథాన్ చేరుతుందన్న దాని గురించి కాదు. పదకొండేళ్ల పల్లె బడి బాలిక మొదటిసారి ఒక మోటారును తిప్పినప్పుడు, ఆ గది ఆమెను ‘ఆలస్యంగా వచ్చిన పిల్ల’గా చూస్తుందా, పని మొదలుపెట్టిన మనిషిగా చూస్తుందా అన్నదే అసలు ప్రశ్న. విద్యాప్రణాళికలు రూపొందించేవారు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలు, భాషా పరిశోధకులు కలిసి జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది.